కూలిన ఎలివేటర్ కింద ఎల్మర్ గోధుమలు

"మా గోధుమలు ఇప్పటిదాకా ఎంత మింగావు, నెస్టర్?"

కాఫీ కొట్లో నలుగురి ముందు ఎల్మర్ టాలెఫ్‌సన్ అడిగేశాడు. నెస్టర్ బిలిక్ చక్కెర కలుపుతూ, "నమిలి చూసినంత" అన్నాడు.

నెస్టర్ మా కెస్బీ ఊళ్లో ముప్పై ఏళ్లు ఎలివేటర్ ఏజెంటు. ఎలివేటరంటే రైతుల గింజలు కొని, పైకెత్తి నిలవచేసే గిడ్డంగి. రైతు లారీని కాటా మీద నిలిపితే, గుప్పెడు గోధుమలు తీసి, జల్లించి, రెండు గింజలు నమిలి, "తరుగు నాలుగు శాతం" అనడం ఆయన ఉద్యోగం. తన పొలంలో కలుపు ఉందని ఏ రైతూ ఒప్పుకోడు. అందుకని కోసిన తరుగంతా ఆ ఎత్తైన చెక్క గిడ్డంగిలోనే ఎక్కడో దాచాడని ఊరు గట్టిగా నమ్మింది.

రైలు పట్టాల పక్కన ఒకప్పుడు ఇలాంటివి ఐదుండేవి. గుర్రబ్బండి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరానికో ఊరు, ఊరికో వరస. తర్వాత లారీలు పెద్దవయ్యాయి, రైలు మా ఊరికి రావడం మానేసింది, నలభై మైళ్ల అవతల కాంక్రీటు ఎలివేటర్ భూతం ఒకటి లేచింది. చివరిదాన్ని కూల్చే వంతు 1998లో, కోతలయ్యాక వచ్చింది. నగరం నుంచి ఫోటోలవాళ్లు వచ్చి, మైదానాల దేవాలయం పోతోందని కళ్లు ఒత్తుకున్నారు. ముప్పై ఏళ్లు అందులో దుమ్ము పీల్చిన నెస్టర్‌కి దేవుడెప్పుడూ తగల్లేదు. ఎలకలు తగిలాయి.

మావాళ్లు ఏడవడానికి రాలేదు. మడతకుర్చీలు, ఫ్లాస్కులు తెచ్చుకున్నారు. కొందరు ఖాళీ గోనెసంచులు కూడా.

"నువ్వు ఇంట్లో ఉండరాదటయ్యా?" అంది నెస్టర్ భార్య యూస్టినా.

"వెళ్లకపోతే దొంగంటారు."

"వెళ్తే?"

"కళ్లెదుట ఉన్న దొంగంటారు. ఆ కుర్చీ పట్టు." గుమ్మం దాటుతూ అన్నాడు: "ఎలివేటర్ కింద గోతిలో కారిన గింజ కొంత ఉంటుంది. నా ముప్పై ఏళ్ల పేరు పోవడానికి అది చాలు."

యంత్రం తోసింది. ఎలివేటర్ మూలిగి, కాసేపు ఆలోచించుకుని, పడమటికి ఒరిగి కూలింది. చెక్కలు పక్కకి లాగాక గొయ్యి కనిపించింది. అందులో అర లారీ గోధుమలు.

"అదీ సంగతి," అన్నాడు ఎల్మర్ లేచి. "అది నాదే. డెబ్బై ఒకటిలో ఏడు శాతం కోశాడు నాకు."

"అందులో నాదీ ఉంది," అన్నారు ఇంకా కొందరు. సెంటు పొలం లేని పోస్టుమాస్టరు కూడా వాళ్ల నాన్న వాటా అడిగాడు.

నెస్టర్ గోతిలోకి దిగాడు. గుప్పెడు తీసి, ఊది, వాసన చూశాడు. అలవాటు కొద్దీ ఒక గింజ నోట్లో వేసుకుని వెంటనే ఉమ్మేశాడు.

"బూజు. పావురాల రెట్ట. తరుగు అరవై శాతం. పందులు కూడా ముట్టవు. దొంగిలించేవాణ్ణయితే అమ్ముకోనా, ఇలా కుళ్లబెట్టుకుంటానా?"

ఎవరో నవ్వారు. ఎల్మర్ మాత్రం, "ఏదైతేనేం, నాది నాదే" అన్నాడు. ఇంకో రెండుసార్లు అన్నాడు, అందరికీ వినపడేలా.

కూలగొట్టే కాంట్రాక్టరు దగ్గరకొచ్చాడు. "మంచిదే పెద్దాయనా. మా ఒప్పందంలో చెక్క ఉంది, గోధుమలు లేవు. ఎవరి సరుకైతే వాళ్లే ఎత్తించుకోవాలి."

గోనెసంచులు మడతపడ్డాయి. "మా నాన్న ఓట్సు తప్ప వేయలేదు," అన్నాడు పోస్టుమాస్టరు. ఎల్మర్ ఒక్కడే మిగిలాడు.

ఆ కంపు చెత్తదిబ్బకి చేర్పించి, ఊరి కౌన్సిల్ బిల్లు ఎల్మర్‌కి పంపింది. కౌన్సిల్ తర్వాతి సమావేశంలో ఆయన లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "నెస్టర్ నా దగ్గర ఒక్క గింజ కూడా తీయలేదు. నిజాయితీపరుడు. అందులో నాదేం లేదు," అన్నాడు. వెనక వరసలో నెస్టర్, "కాస్త గట్టిగా చెప్పు, యూస్టినాకి వినపడలేదట" అన్నాడు. ఎల్మర్ పళ్లు నూరుతూ మళ్లీ చెప్పాడు.

కౌన్సిల్ విన్నది, బిల్లు మాత్రం రద్దు చేయలేదు. రెండు వందల నలభై డాలర్లు. ఎల్మర్ ఇంతవరకు ఒక్క డాలరూ కట్టలేదు.