మందార కంచెకి పట్టిన ఎర్ర తెగులు

ఇవాళ పొద్దున మన క్వార్టర్సు పార్కులో మందార కంచె ఆకులన్నీ ఎర్రగా కనిపించాయి. రేడియోలో వ్యవసాయ కార్యక్రమం విన్న ధీమాతో, "ఇది తుప్పు తెగులు. మొదలంటా నరికేయాల్సిందే" అని క్వార్టర్సు సంఘం కార్యదర్శి హోదాలో తేల్చేశాను.

పద్మనాభం ఊరి నుంచి వచ్చే మన మాలి అప్పన్న కత్తి తియ్యలేదు. కంచెకి తగిలిన నా తెల్లచొక్కా భుజం మీద వేలితో రాసి, ఎర్రబడ్డ ఆ వేలు చూపించాడు.

"తెగులు తవరికీ అంటీసినాది బావూ. తవర్ని కూడా మొదలంటా నరికీమంటారేటి?"

రాత్రి గాలికి రేవు నుంచి కొట్టుకొచ్చిన ఇనుప ఖనిజం దుమ్మట అది! రెండు బిందెల నీళ్ళు చల్లగానే కంచె పచ్చబడింది.

నవ్వొచ్చినవాళ్ళు ఈ నోటీసు కింద సంతకం పెట్టండి. చొక్కా ఉతికిన మా ఆవిడ అప్పుడే పెట్టేసింది.