రెండోసారి వెళ్ళిన కబురు

నాన్న బ్లాగు ఉన్న సైటును మూసేస్తున్నామని వేసవి చివర్లో మెయిల్ వచ్చింది. రాసినవన్నీ ఒక ఫైలుగా దించుకుని వేరే చోట పెట్టుకోవాలి. గడువు దాటితే ఏదీ మిగలదు.

నాన్న కొవ్వూరులో తెలుగు మాస్టారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి, ఒక పేజీ రాసేవారు. వరద నీళ్ళు బడి మెట్లెక్కిన రోజు, వంతెన మీద ఆగిపోయిన పాసింజరు, కాపీ కొడుతూ దొరికి తనకే జామకాయ లంచం ఇవ్వబోయిన పిల్లాడు, ఇలాంటివి. చదివేది పాత శిష్యులూ తోటి మాస్టర్లూ. కొత్తది పెట్టగానే వాళ్ళందరికీ మెయిల్ వెళ్ళేది.

చివరిది మాత్రం నేను రాశాను. కరోనా రెండోసారి వచ్చినప్పుడు రాసిన ఒకే వాక్యం. "ఈ ఉదయం నాన్నగారు రాజమండ్రి ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించారు." రెండో వాక్యం రాయలేకపోయాను. తారీఖు పేజీ మీద ఎలాగూ పడుతుంది కదా అని వేయలేదు.

నాన్నను ఆసుపత్రి నుంచి నేరుగా తీసుకెళ్ళిపోయారు. అమ్మా నేనూ సమాధుల తోట గేటు బయట నిలబడ్డాం. పాస్టరుగారు ఫోనులో ప్రార్థన చేశారు. తర్వాత కూడా ఎవరూ మా గడప తొక్కలేదు. అప్పుడు అందరికీ అంతేనని నేను సర్దిచెబితే అమ్మ వినేది కాదు. "అంతమందికి చదువు చెప్పిన మనిషి. ఒక్కళ్ళయినా వచ్చి పక్కన కూర్చోలేదు" అనేది. ఏడవలేదు. కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ ఆ మాటే అనేది. ఏళ్ళు గడిచినా అదే మాట.

ఒక శనివారం కూర్చుని బ్లాగు మార్చాను. ముందు చదువరుల ఈమెయిళ్ళ జాబితా ఎక్కించి, తర్వాత నాన్న రచనలు ఎక్కించాను. ఆ వరస తిరగెయ్యాల్సిందని నాకు తెలియదు. కొత్త సైటు పాత తారీఖులన్నీ వదిలేసి ఆ రోజు తారీఖే వేసింది. అన్నీ అప్పుడే రాసినవనుకుని అందరికీ మెయిళ్ళు పంపేసింది. అన్నిటికన్నా పైన నా వాక్యం.

ఫోను మోగేదాకా నాకా సంగతి తెలియదు. కొత్తవాళ్ళతో ఫోనులో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు, అందుకని ఎప్పుడూ అమ్మే తీసి స్పీకరు పెడుతుంది.

"అమ్మగారూ, నేను మాస్టారి దగ్గర చదువుకున్నానండి. ఇప్పుడే చూశానండి. ఎలా జరిగిందండి?"

"ఎలా ఏంటి బాబూ? కరోనాలో పోయారు కదా."

"పాతదాండి? హమ్మయ్య. ఇవాళే అనుకుని కంగారుపడిపోయానండి. ఉంటానండి."

తర్వాత చేసినావిడా అంతే. పాతదని తెలియగానే గొంతు తేలికపడింది.

జరిగింది చూసుకుని అమ్మకు చెప్పాను. "ఇప్పుడే తారీఖు సరిచేస్తానమ్మా."

"ఉండనీ."

"ఇవాళే పోయారనుకుంటారు."

"అనుకోనీ. ఇంక ఫోను తియ్యం. తీస్తే పాతదని చెప్పి మనమే ఆపేసినట్టవుతుంది. వచ్చేవాళ్ళని రానీ."

తప్పని తెలిసినా సరేనన్నాను. మిగతావాటికి ఒక్కొక్కదానికీ పాత తారీఖు వేస్తూ కూర్చున్నాను. దాన్నొక్కదాన్నీ ముట్టుకోలేదు. అమ్మ ముందుగదిలో కుర్చీలు సర్దింది.

మర్నాడు ఎండ ముదిరాక ఒక పెద్దాయన గేటు దగ్గర ఆగారు. నాన్నతో పనిచేసిన లెక్కల మాస్టారు. రిటైరయ్యాక జంగారెడ్డిగూడెంలో స్థిరపడ్డారు. చేతిలో అరిటాకులో చుట్టిన లిల్లీపూల దండ.

"చెల్లెమ్మా" అన్నారు. అంతే. అమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. అన్నేళ్ళలో అలా ఏడవడం నేను చూడలేదు.

ఆయన నాన్న ఫొటోకు దండ వేశారు. ఫొటో కింద పోయిన తేదీ అచ్చులో ఉంది. ఆయన దండ సర్దుతున్నంతసేపూ ఆయన చూపు ఎటు పోతోందా అని గమనిస్తూ నిలబడ్డాను. ఎప్పుడు, ఎలా, ఎక్కడ పెట్టారు, ఏదీ అడగలేదు ఆయన. కుర్చీ ఫొటో పక్కకు లాక్కుని కూర్చున్నారు.

"రోజూ నా క్లాసులో చాక్‌పీసులు ఎత్తుకుపోయేవాడు చెల్లెమ్మా. అన్నెందుకయ్యా అంటే, నీకు పది అంకెలతో సరి, నాకు యాభై ఆరు అక్షరాలున్నాయి అనేవాడు."

"ఇంట్లోనూ సొరుగు నిండా అవేనండి" అంది అమ్మ, ఏడుస్తూనే నవ్వి.

భోజనం చెయ్యమంటే ఆయన మంచినీళ్ళు మాత్రం తాగారు. అమ్మ నన్ను బస్సు దాకా పంపింది. బస్టాండు నీడలోకి వచ్చాక ఆయనే అన్నారు.

"ఫొటో కింద తేదీ చూస్తానని భయపడ్డావు కదూ? చూడక్కర్లేదమ్మాయ్. నాకు అప్పుడే తెలుసు."

బస్సొచ్చి ఆగింది. ఆయన వెంటనే ఎక్కలేదు.

"ఆ రోజే మెయిల్ చూశాను. బస్సుల్లేవని ఊరుకున్నాను. బస్సులు తిరిగాక, ఇంట్లో షుగరు మనిషి ఉంది, అంటుకుంటుందేమో అనుకున్నాను. ఆ భయమూ పోయాక ఏ మొహం పెట్టుకుని రాను? నిన్న అదే మళ్ళీ వచ్చింది. ఇప్పుడెళితే, ఇప్పుడే తెలిసిందనుకుంటారు అనిపించింది." బస్సు కదులుతుంటే మెట్టు మీద నుంచి అన్నారు, "అమ్మకు చెప్పకమ్మా."

ఇంటికొచ్చేసరికి అమ్మ ముఖం కడుక్కుని కూర్చుని ఉంది.

"చూశావా, తెలిసిన మర్నాడే బస్సెక్కి వచ్చేశారు. అప్పుడు చాలామందికి తెలిసుండదే. తెలిస్తే రాకుండా ఉంటారా?"

నేను గ్లాసు తీసుకుని కడగడానికి వెళ్ళాను. నేను ఎక్కించిన జాబితా పాతదే. అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ వాక్యం అప్పుడే, ఆ ఉదయమే వెళ్ళింది.

"ఇంకో వారం అలాగే ఉంచు. ఇంకా చూసుకోనివాళ్ళు ఉంటారు" అంది అమ్మ వెనక నుంచి.

ఉంచాను. వారం రోజులూ అమ్మ మంచి చీర కట్టుకుని ముందుగదిలోనే కూర్చుంది. గేటు చప్పుడైతే లేచేది. ఎవరూ రాలేదు. శనివారం సాయంత్రం కుర్చీలు తనే లోపల పెట్టి, "ఇంక మార్చెయ్యి" అంది.

అసలు తారీఖు వేశాను. మార్పు సంగతి చదువరులకు తెలియజేయాలా అని సైటు అడిగింది. వద్దని నొక్కాను.