ఎడమ పక్క

నైజాం రోజుల్లో, సిద్దిపేట ఆడపిల్లల బడిలో మాకొక పంతులమ్మ ఉండేది. పట్నం కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడి వచ్చిన మనిషి. ఆ ఆట పేరే మా నోళ్లకు తిరిగేది కాదు. పీపాకు వేసే ఇనుప కట్టును గోడకు బిగించుకుని, బడి విడిచాక ఒక్కర్తే ఆడుకునేది. బంతి అందగానే చేతులు ముందు ఎడమ పక్కకు తిరిగేవి. అక్కడెవరూ లేరని అప్పుడే గుర్తొచ్చినట్టు ఆగిపోయేవి.

కాలేజీ జట్టులో ఇద్దరి ముచ్చట్లు మాకు తరచూ చెప్పేది. ఒకామె గాలిలా ఉరికేదట, ఇంకొకామె గురి తప్పేది కాదట. చూడని ఆ ఇద్దరి కోసం మేం కొట్లాడుకునేవాళ్లం.

“ఉరికేటామెనే గొప్ప,” అనేది నంగునూరు పిల్ల.

“ఉరికితే ఏమొస్తది? బంతి కట్టుల పడాలె గద!” అనేదాన్ని నేను.

ఒకరోజు తగవు పంతులమ్మ దగ్గరికే పోయింది.

“ఆ ఇద్దర్ల ఎవ్వరు గాదు,” అంది. “నా ఎడమ పక్క ఒకామె ఆడేది. నేను చూడకుంట ఏసినా అందుకునేది. నడుమల్నే పెండ్లి చేసి తోలిన్రు. మళ్ల కనవడలే.”

ఆ సాయంత్రం పోయి ఆమె ఎడమ పక్కన చేతులు చాచి నిలబడ్డాను. ఆమె నా వైపు చూడకుండానే విసిరింది. బంతి నా తల మీదుగా పోయి ప్రహరీకి తగిలింది.

“జర కిందికెయ్యుండ్రి, పంతులమ్మా!”

ఆమె తిరిగి, నన్ను కాదు, నా తలపైన ఖాళీ జాగను చూసింది.

“ఆమె పొడుగుండేది బిడ్డా,” అని, తనే పోయి బంతి తెచ్చుకుంది.