ఉడికిన మొలకలు

హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క పడగానే పరీక్షనాళికలో నురగ బుసబుసా పొంగుతుంది. పిల్లలు కేరింతలు కొడతారు. నాకు మాత్రం ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వింటే గుండె దడదడలాడుతుంది. శ్రీకాకుళంలో వృక్షశాస్త్రం చెప్పుకుని బతికేదానికి నురగంటే భయమేమిటని నవ్వుకోకండి. ఒకసారి నాకా నురగ రాలేదు.

రాజాంలో డిగ్రీ ఆఖరి ఏడు, ప్రాక్టికల్ పరీక్ష. "ఇది తప్పితే ఎచ్చెర్ల ఊసెత్తకు, మీ మావ కొట్లో కూకో" అని నాన్న ముందే తేల్చేశాడు. ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదవాలని నా ప్రాణం కొట్టుకునేది. ఆ భయంతోనే, సీనియర్ల రికార్డులో చూసింది చూసినట్టు, ప్రయోగం మొదలుపెట్టకముందే కాగితం మీద 'నురగ వచ్చింది' అని రాసేశాను. వేరుశనగ మొలకలు ఎవరింటి నుంచి వాళ్లే తెచ్చుకోవాలి. నూరాను, చుక్క వేశాను. ఏమీ లేదు. ఇంకో చుక్క వేశాను. ఊహూఁ! పక్కపిల్ల నాళికలో నురగ అంచు దాటి కారిపోతోంది.

మా సత్యవతి మేడం వచ్చి వెనక నిలబడ్డారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం వరండా దాటేది. కాగితం చూశారు, నాళిక చూశారు, ఒక మొలక తీసి నొక్కారు. మెత్తగా నలిగింది.

"ఇవి ఉడకబెట్టినారేటే?"

అప్పుడు అర్థమైంది. నేను తినడానికి పట్టుకెళుతున్నాననుకుని మా అమ్మ పొద్దున్నే ఉప్పేసి ఉడికించేసింది. పచ్చివి తింటే పైత్యం సేస్తాదని ఆవిడ భయం. నేనేమో బయల్దేరేటప్పుడు డబ్బా మూతైనా తీసి చూడలేదు, నూరేటప్పుడూ కంగారులో గమనించలేదు.

"నా పని అయిపోయింది మేడం" అని ఏడ్చేశాను.

"ఏడుపు తర్వాత. గింజకి ఆకు లేదు కదా, మొలకకి తిండి ఎలాగ?"

వెక్కుతూనే చెప్పాను. "దాచుకున్న నూనెని కణంలో ఉండే పెరాక్సిసోమ్ అనే చిన్న సంచి విడగొడతాది. ఆ పనిలో పెరాక్సైడ్ పుడతాది. కణానికి అది విషం."

"మరి విరుగుడో?"

"కాటలేజ్ అనే ప్రోటీన్. పెరాక్సిసోమ్ లోపలే ఉంటాది. విషాన్ని నీళ్లూ ఆక్సిజనూ చేసేస్తాది. ఆ ఆక్సిజనే నురగ. ఉడికిస్తే కాటలేజ్ పాడైపోతాది."

"సూసినావా, విషం పుట్టిన చోటే విరుగుడు పెట్టుకున్నాది. నువ్వూ అబద్ధం రాసిన కాగితం మీదే కొట్టేసి నిజం రాయి."

"సున్నా వేసేస్తారు మేడం!"

"ఏస్తే ఏస్తారు. రాయి."

కొట్టేసి, 'నురగ రాలేదు, మొలకలు ఉడికిపోయాయి' అని రాశాను. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు అది రెండుసార్లు చదివాడు. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, కాటలేజ్ పెరాక్సిసోమ్‌లోకి ఎలా వస్తుందని అడిగాడు. బయట కణద్రవంలో తయారై, తన మీదున్న గుర్తును బట్టి లోపలికి చేరుతుందని చెప్పాను. బొటాబొటీగా పాసయ్యాను. ఎచ్చెర్ల బస్సెక్కాను. మేడం ఇప్పుడు లేరు.

ధైర్యం వచ్చేసిందని మాత్రం చెప్పను. నిన్న క్లాసులో, పెరాక్సిసోమ్ తన ప్రోటీన్లు తానే తయారుచేసుకుంటుందని నోరు జారాను. నన్ను పాస్ చేయించిన ముక్కే తప్పు చెప్పాను, సిగ్గులేకపోతే సరి! ఎవరూ కనిపెట్టలేదు, ఊరుకుంటే పోయేది. ఇవాళ ముందుగా ఆ తప్పు వాక్యం బోర్డు మీద మళ్లీ రాసి, అందరూ చూస్తుండగా కొట్టేశాను. పిల్లల వైపు తిరక్కుండానే కింద సరైనది రాశాను: పెరాక్సిసోమ్ ప్రోటీన్లు బయట కణద్రవంలో తయారై లోపలికి చేరతాయి.