పర్వతాలు సారుకు అర్థం కాలేదు

పర్వతాలు సారుకు ఏ మాటైనా ఒక్కసారి చెబితే అర్థం కాదు. "సమజ్ కాలే. మళ్ల చెప్పున్రి" అంటాడు. ఆటో ఎక్కితే డ్రైవర్ తన ఊరు, పేరు, మోకాళ్ల నొప్పి అన్నీ చెప్పేదాకా బండి కదలదు. కరివేపాకు తెమ్మన్న భార్య అనసూయమ్మ, మూడోసారి చెప్పేసరికి, పెళ్లిలో తన పుట్టింటివాళ్లకు సరిగ్గా వడ్డించని సంగతి దాకా వెళ్లిపోతుంది.

అలాంటి మనిషిని బోయిన్‌పల్లి మార్కెట్ వెనక దవాఖానాకు ట్రైనర్‌గా పంపారు. వలస కూలీలతో ఎలా మాట్లాడాలో వారం రోజులు నర్సులకు నేర్పాలి. హెడ్ నర్సు షాగుఫ్తాకు మొదటి గంటలోనే తల బొప్పికట్టింది.

"సార్, రోజుకు ఎనభై మందిని చూస్తం. ఏమడిగినా తల ఊపుతరు. ఎట్ల చెయ్యాలె?"

"సమజ్ కాలే."

ఆమె మళ్లీ చెప్పింది. మూడోసారి చెప్పేటప్పుడు, ఎవరికి తప్పు మందు ఇస్తానోనని భయంగా ఉంటుందని కూడా నోరు జారింది. ఆ మాట ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. తనమీద తనకే కోపమొచ్చింది.

మధ్యాహ్నం ఝునూ అనే ఒడిశా ఆమె వచ్చింది. ఉల్లిగడ్డల గోదాములో పని. ఏడో నెల, ఒంట్లో రక్తం మరీ తక్కువ. "రక్తం పెరిగే గోలీలు ఏస్కుంటున్నవా?" అంటే తల ఊపింది. షాగుఫ్తా 'వేసుకుంటోంది' అని రాయబోతుంటే సారు కుర్చీ ముందుకు జరుపుకుని ఒడియాలో ఏదో అడిగాడు. ఆమె నేలచూపులు చూస్తూ రెండు ముక్కలు చెప్పింది.

"బుఝిలి నాహి" అన్నాడు సారు. ఒడియాలో కూడా ఆయనకు అర్థం కాలేదు.

ఆమె కాస్త గట్టిగా చెప్పింది. "బుఝిలి నాహి." మూడోసారికి ఆమెకు చిరాకొచ్చింది. నాలుగోసారి కొంగు నడుముకు దోపి, చేతులు తిప్పుతూ, చంటిబిడ్డకు చెప్పినట్టు విడమరిచి చెప్పింది. సారు నిదానంగా ఆమెకు ఏదో నచ్చజెప్పి, షాగుఫ్తా వైపు తిరిగాడు.

"గోలీలు ఏస్కుంటే దొడ్డికి నల్లగ అయితున్నదట. లోపల బిడ్డకేమన్న అయితదని నెల కిందనే బంద్ చేసింది. నలుపు మామూలేనని చెప్పిన."

ఆమె వెళ్లాక షాగుఫ్తా నిలదీసింది. "మీకు ఒడియా ఇంత మంచిగ వస్తదా?"

"మా నాయినది బరంపురంల రైల్వే నౌకరీ. పదో తరగతి దాక ఆడనే చదివిన."

"మరి ఆమె మాట ఎప్పుడు సమజయింది సార్?"

"మొదటిసారే. ఏస్కుంటున్న అన్నది. అది అబద్ధమని సుత సమజయింది. మనం తెలివిగలోళ్ల లెక్క కూసుంటే, భయపడ్డోళ్లకు నోరు లేవదమ్మా."

పొద్దున తన నోరు ఎలా లేచిందో తలచుకుని షాగుఫ్తా తల వంచుకుని నవ్వుకుంది.

ట్రైనింగ్ ఆఖరి రోజు ఝునూ మళ్లీ వచ్చింది. సగం ఖాళీ అయిన గోలీల అట్ట చూపించింది. వెంట మరో ముగ్గురు ఆడవాళ్లు. సారును చూపించి వాళ్ల చెవుల్లో ఏదో చెప్పింది. వాళ్లు ఆయన వైపు జాలిగా చూశారు.

"ఏమంటున్నది సార్?"

"ముసలాయన మంచోడేనట. తెలివి జెర తక్కువ, ఓపికతోని చెప్పాలెనట" అన్నాడు సారు, మహా సంతోషంగా ముగ్గురికీ కుర్చీలు వేస్తూ.