పుష్పవతిగారి తోట ప్యాకింగ్

నూజివీడులో మామిడిపండు డబ్బు పెట్టి కొనేవాళ్లు రెండే రకాలు. బదిలీ మీద కొత్తగా వచ్చిన బ్యాంకువాళ్లు ఒకరకం, ఊరందరితో పోట్లాడి కూర్చున్నవాళ్లు ఇంకోరకం. మిగతా అందరికీ కాయ ఎవరో ఒకరు పంపిస్తారు. పంపించేవాళ్లు లేరంటే ఆ మనిషిలో ఏదో లోపముందని ఊరు అనుకుంటుంది. అనుకుని ఊరుకోదు కూడా.

పుష్పవతిగారు పంపించే జాతి. వేసవి వచ్చిందంటే వసారా అంతా వరిగడ్డి పరిచేసి, ఇంటి చెట్టు చిన్న రసాలు మాగబెట్టి, బుట్టలు కట్టించేది. డాక్టరుగారికో బుట్ట, కూతురు సింధూరకు లెక్కలు చెప్పిన మాస్టారికో బుట్ట, కరెంటు లైన్‌మన్‌కో బుట్ట. ఏళ్ల తరబడి మాటల్లేని తోడికోడలికి కూడా ఒకటి వెళ్లేది.

"మాటలు లేకపోతే కాయలు కూడా ఉండకూడదా ఏంటి?" అనేది.

అన్నిట్లోకీ పెద్ద బుట్ట ఏలూరులో ఉన్న వియ్యపురాలు బసవమ్మగారికి. దాన్ని కట్టే రోజున ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మకూడదు. ప్రతి కాయా చేత్తో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని, మచ్చ ఉన్నదాన్ని భర్త రవిచంద్రకు తోసేసేది. పాపం ఆయన పాతికేళ్లుగా మచ్చకాయలే తింటున్నాడు.

అలాంటి ఇంట్లో ఈ ఏడు కొంప మునిగింది. తోట కాపును పూత మీదే షావుకారుకు అమ్మేయడం అక్కడ అందరూ చేసేదే. అమ్మేటప్పుడు ఇంటి చెట్టు ఒకటి మాది అని ముందే చెప్పుకుంటారు. రవిచంద్ర ఈసారి మంచి రేటు వచ్చిందన్న సంబరంలో షావుకారు తెప్పించిన బాదంపాలు తాగి, చేతులు కలిపి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చేశాడు. చెట్టు మాట ఎత్తడం మర్చిపోయాడు. ఆ సంగతి, తోటలో కాయ కోసే మంగమ్మ మజ్జిగ కోసం పెరట్లోకి వచ్చి చెబితేగాని తెలియలేదు.

"ఇంటి చెట్టు కూడా కోసేశామండి అమ్మగారూ. లారీ కూడా వెళ్లిపోయిందండి."

పుష్పవతిగారు మజ్జిగ చెంబుతోనే వీధి గదిలోకి వెళ్లింది.

"మర్చిపోయారా? అన్నం తినడం ఎప్పుడైనా మర్చిపోయారా మీరు?"

"పోనీ షావుకారునే అడిగి ఒక బుట్ట..."

"మన చెట్టు కాయ మనం అడుక్కోవాలా! ఇంకా నయం, లారీ వెంట పరిగెత్తమన్నారు కాదు!"

పక్కింట్లో అడిగితే సాయంత్రానికి విస్సన్నపేట దాకా తెలిసిపోతుంది. పంపకుండా ఊరుకుంటే బసవమ్మగారు ఫోన్ చేసి, "ఏంటి వదినగారూ, ఒంట్లో బాగోలేదా?" అంటుంది. ఆ తీపి గొంతుతో ఆ మాట వినడం కంటే నిజంగానే ఒంట్లో బాగోకపోవడం నయమనిపించింది పుష్పవతిగారికి. రాత్రి అన్నం కూడా సయించలేదు. తెల్లారేసరికి ఒక నిర్ణయానికొచ్చింది. కొనాలి. కొన్నట్టు పురుగుకు కూడా తెలియకూడదు.

ఇప్పుడు మార్టుల సంగతి చెప్పాలి. ఊళ్లో ఎదురెదురుగా రెండు సూపర్ మార్కెట్లు ఉన్నాయి. పాలవెల్లి ముందొచ్చింది, ఇంటిదీపం వెనకొచ్చింది. కోస్తా అంతటా బ్రాంచీలున్న ఈ రెండూ నూజివీడులో మాత్రం పంపు దగ్గర బిందెల కోసం కొట్టుకునే ఆడవాళ్లలా తయారయ్యాయి. ఇది పంచదార రూపాయి తగ్గిస్తే అది రెండు తగ్గించేది. ఇది ప్లాస్టిక్ మగ్గు ఉచితమంటే అది బకెట్ ఇచ్చేది. చాట్రాయి నుంచి జనాన్ని తేవడానికి పాలవెల్లి ఉచితంగా ఆటో పెడితే, ఇంటిదీపం ఆటోతోపాటు దారిలో తాగడానికి గోలీసోడా పెట్టింది. పాలవెల్లి గుమ్మం దగ్గర ఒక అమ్మాయి నమస్కారం పెడితే, ఇంటిదీపంలో ఇద్దరు పెట్టేవాళ్లు. ఒకావిడైతే ఎండకు తాళలేక రోజంతా ఆ ఏసీకీ ఈ ఏసీకీ తిరిగి, ఏమీ కొనకుండా నాలుగు మగ్గులు సంపాదించింది.

ఇంతలో రెండు కంపెనీల హెడ్డాఫీసుల నుంచీ ఒకే రకం ఆర్డరొచ్చింది, మామిడి మేళా పెట్టమని. నూజివీడులో! ఏ మహానుభావుడి బుర్రో అది. కాయలు గుట్టలు పోశారు, ప్రతి కాయకూ స్టిక్కరు అంటించారు. పాలవెల్లి రేటు తగ్గించింది, ఇంటిదీపం తగ్గించింది, మళ్లీ పాలవెల్లి తగ్గించింది. జనం వచ్చి, కాయను చూసి, పిల్లలకు చూపించి నవ్వి, పప్పులు కొనుక్కుని పోయేవారు.

మధ్యాహ్నం ఎండ మండిపోతున్న వేళ, నెత్తిన కొంగు కప్పుకుని పుష్పవతిగారు పాలవెల్లిలోకి దూరింది. రేటు చూసింది, భలే చవక. అటూ ఇటూ చూసి చిన్న రసాలు గబగబా బుట్టలో వేసుకుంది. వాటి మీద సర్ఫు ప్యాకెట్టు, దాని మీద బాత్రూం బ్రష్షు, అన్నిటి మీదా కాళ్లు తుడుచుకునే పట్టా కప్పింది. తన తెలివికి తనకే ముచ్చటేసింది.

కౌంటరు పిల్ల పట్టా ఎత్తింది, బ్రష్షు తీసింది, ఒక్కసారి కేకేసింది.

"సార్! మామిడిపళ్లు! ఎవరో కొంటున్నారు సార్!"

మేనేజరు పరిగెత్తుకొచ్చి గోడకున్న గంట టంగుటంగున మోగించాడు. "మేళాలో మొదటి కస్టమరు మీరేనండీ! ఒక్క ఫోటో! బయట ఫ్లెక్సీ కట్టిస్తాం!" వెనక లైన్లో పంచదార పట్టుకుని నిలబడింది సాక్షాత్తూ మంగమ్మ.

"అమ్మగారూ! తమరు కాయలు కొనడమేంటండీ?"

"నేనా? కాయలా?" పుష్పవతిగారు బుట్టలోకి తొలిసారి చూస్తున్నట్టు చూసింది. "రామరామ! ఎవరే నా బుట్టలో ఇవన్నీ పడేసింది? నేను పట్టా కోసమొచ్చాను!"

ఆ పట్టా ఒక్కటే కొనుక్కుని, దాన్నే మొహానికి అడ్డం పెట్టుకుని, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఇంటిదీపంలో పడింది. ఇద్దరమ్మాయిలు నమస్కారం పెట్టారు. ఆవిడకు ఏడుపొక్కటే తక్కువ. బకెట్ల దగ్గరకు పోయి, ఒక నీలం బకెట్టును తిప్పితిప్పి చూస్తూ, ఓరకంట పక్కనున్న కాయల గుట్టను చూస్తోంది. ఆ షాపు మేనేజరు ఫణిది పక్కనున్న చాట్రాయే, ఈ ప్రాంతపు పట్టింపులు తెలిసినవాడు. కాసేపు గమనించి మెల్లగా దగ్గరకొచ్చాడు.

"ఏం కావాలండీ?"

"బకెట్టు."

"మీ ఇంటికేనాండీ, ఎవరికైనా పంపడానికా?"

"ఏలూరు. మా వియ్యపురాలికి" అనేసి నాలుక కరుచుకుంది. వియ్యపురాలికి బకెట్టు పంపేవాళ్లుంటారా ఎక్కడైనా? ఫణి నవ్వలేదు. అదీ అతని గొప్పతనం. గొంతు ఇంకా తగ్గించాడు.

"వెదురు బుట్టలో వరిగడ్డి వేయిస్తానండి. స్టిక్కర్లు పీకేస్తాం. పైన నాలుగు మామిడాకులు. షాపు పేరు లేని ఆటోలో ఏలూరు పంపిస్తాను. తోట ప్యాకింగ్ అంటామండి." ఆ పేరు ఆ క్షణానే పుట్టిందని వేరే చెప్పాలా! "కాకపోతే ఎదురుషాపు రేటు కంటే బాగా ఎక్కువవుద్దండి."

"రేటు ఎవడిక్కావాలి బాబూ! కొన్ని కాయలకు కాస్త సొన మరక కూడా ఉండేట్టు చూడు!"

బుట్ట ఏలూరు చేరింది. ఊళ్లో ఇల్లు దాటని మాటంటూ ఉంటుందా! వారం తిరక్కుండానే ఇంటిదీపంలో బకెట్ల వరసలో కాలు పెట్టే సందు లేదు. తోటలున్న మారాజులంతా అక్కడే. అందరికీ షావుకార్లు బాదంపాలు తాగించినట్టున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తలో బకెట్టూ పట్టుకుని తమ వంతు కోసం నిలబడ్డారు. పుష్పవతిగారి తోడికోడలు కూడా ఉంది, ఎర్ర బకెట్టుతో. పాలవెల్లివాళ్లు కాయకు కాయ ఉచితమని మైకులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నారు. అటు వెళ్లినవాడు లేడు.

ఆదివారం సింధూర అత్తగారిని వెంటబెట్టుకుని భోజనానికొచ్చింది. బసవమ్మగారు పప్పులో నెయ్యి వేసుకుంటూ మొదలుపెట్టింది.

"ఈ ఏడు మీ కాయ అమృతం వదినగారూ."

పుష్పవతిగారి మనసు తేలికపడింది. "ఏదో, మీ అభిమానం" అంది.

"అభిమానం కాదండీ, నిజం. ఇన్నేళ్లూ మీరు పంపినవి కాస్త పుల్లగా, పీచుగా ఉండేవి. మీరు బాధపడతారని తినేవాళ్లం. చెట్టుకు ఈసారి ఏం వేశారండీ?"

రవిచంద్ర గబగబా మంచినీళ్లు తాగాడు. పుష్పవతిగారు పెరుగు గిన్నె గట్టిగా పట్టుకుంది. కొత్త కోడలిగా ఈ ఇంటికొచ్చిన ఏడాది తను బిందెలతో నీళ్లు పోసి బతికించుకున్న చెట్టది. సింధూరను ఉయ్యాల వేసి ఊపింది దాని కొమ్మకే. పుల్లనా? పీచా? మింగుదామనుకుంది. ఇంకో ముద్ద కలుపుకుని, దానితోపాటు మింగుదామనుకుంది.

"మా పనమ్మాయి కూడా అందండీ, పోయినేడాదివి మరీ..."

"ఈ ఏడు పంపినవి మా చెట్టువి కావు!" గిన్నె బల్ల మీద దభీమని పడింది. "మార్టువి! డబ్బులిచ్చి కొన్నాను! మా చెట్టు కాయ వేరు. దాని రుచి తెలియడానికి నాలుక ఉండాలి!"

సింధూర తల్లి వంక నోరు తెరుచుకుని చూసింది. పుష్పవతిగారికి అప్పుడు తెలిసొచ్చింది. దాచి దాచి, నడి భోజనంలో తన నోటితో తనే చెప్పేసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

బసవమ్మగారు మాత్రం ఎత్తిపొడవలేదు. నిజంగానే కుతూహలంగా ముందుకు వంగింది.

"ఏ మార్టండీ? రెండున్నాయిగా. చెప్పండి, ఇకనుంచి మేమే కొనుక్కుంటాం. మీకెందుకు శ్రమ?"

పుష్పవతిగారు కళ్లు తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది.

"కొనుక్కుంటారా? నేను బతికుండగా, నూజివీడు కాయ మీరు కొనుక్కుని తింటారా? బాగుందండీ వరస!"

ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే ఎడంచేత్తో ఫోనందుకుని, వీధిలోకి కూడా వినబడేలా మాట్లాడింది.

"ఫణీ, ఏలూరుకి రెండు బుట్టలు పంపించు. పీచు లేనివి, తియ్యటివి, వాళ్లకు నచ్చేవే చూసి పెట్టు. ఎవరు పంపారని అడిగితే పుష్పవతిగారు పంపారని చెప్పు."