సీలు చెదరని టీవీ గేము

మా బావకి బేరమాడటం రాదు. అంగడతను ఎంత చెబితే అంత ఇచ్చేసి, "అన్నం తిన్నావా అన్నా?" అని కుశలం కూడా అడిగి వచ్చే మనిషి. మా అక్కను చేసుకున్నాక ఉదయగిరిలో మా ఫ్యాన్సీ అంగట్లోనే నాయనకు తోడుగా ఉండేవాడు. ఆయన కొనుక్కొచ్చిన సరుకు చూసినప్పుడల్లా నాయన మాట్లాడకుండా గల్లాపెట్టె మీద వేళ్ళతో దరువు వేసేవాడు. అల్లుడు మరి, అంతకుమించి ఏమంటాడు?

నేను బావకి పూర్తిగా తలకిందులు. బస్సులో కిటికీ పక్క సీటు కూడా బేరమాడకుండా తీసుకునేవాణ్ణి కాదు. అవ్వ దోసె పెడితే, "ఇంకో అర వెయ్యి, లేదంటే చట్నీ అయినా ఎక్కువెయ్యి" అని తేల్చుకున్నాకే తినేవాణ్ణి. "వీడు యముడొచ్చినా సాయంత్రం రమ్మంటాడు" అని అవ్వ నలుగురిలో నవ్వేది. నేను దాన్ని పొగడ్త కింద జమ కట్టుకున్నాను.

తొంభైల మధ్యలో నాయనకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. వారానికోసారి బస్సెక్కి ఆత్మకూరు పోయి అంగడికి సరుకు తేవడం ఆయన వల్ల కావడం లేదు. ఆ పని ఎవరిది కావాలన్నది ఇంట్లో ఎవరూ పైకి అనకుండా అందరూ ఆలోచిస్తున్న సంగతి. ఆత్మకూరు పోవడమంటే సామాన్యమా? హోల్‌సేల్ అంగళ్ళలో కుర్చీ లాగి వేస్తారు, కూల్‌డ్రింక్ తెప్పిస్తారు, "ఏం సార్" అంటారు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను అప్పటిదాకా సార్ అన్నవాడు లేడు.

అప్పుడే నాకు టీవీ గేము పిచ్చి పట్టింది. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక ఎలక్ట్రిక్ అంగట్లో చూశాను. అరచేతుల్లో పట్టే ప్లాస్టిక్ పెట్టె, దాని నెత్తిన మడిచిపెట్టిన ఏరియల్ కడ్డీ. టీవీకి వైరు పెట్టక్కర లేదట. బొమ్మ గాలిలోనే పోతుందట. ఆడుకోవాలని ఉందంటే నాయన ఒప్పుకోడు. అందుకని, "మన అంగట్లో పెట్టి అమ్మితే మంచి గిరాకీ నాయనా" అన్నాను.

నాయన నా మొహం చూశాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా గిరాకీల మొహాలు చూస్తున్నవాడు.

"సరే, ఒకటి తీసకరా. మన టీవీలో ఆడించి చూపించు. ఆడితే ఇంక ఆత్మకూరు సరుకు నీది. ఆడకపోతే మీ బావ పోతాడు."

పక్కన పెన్సిళ్ళు సర్దుతున్న బావ తలెత్తి, "పాపం, ఆడాలి మామా" అన్నాడు. తన నోటికాడి పనికి తనే అడ్డుపడే మనిషిని ఏమనాలి?

ఆత్మకూరు అంగడతను నోట్లో వక్కాకు పెట్టుకుని, నేను చెప్పిందల్లా విన్నాడు. ముందు ధర దించాను. తర్వాత ఒక ఆట క్యాసెట్ ఉచితంగా రాబట్టాను. గేము వచ్చిన అట్టపెట్టెలో మడిచిపెట్టిన వైరు ఒకటి కనపడింది.

"ఇదేంది?"

"అది కూడా వస్తాది సార్. కావాలంటే టీవీకి పెట్టుకోవచ్చు."

"వైరు లేకుండా ఆడేదానికి వైరెందుకు? అది తీసేసి తగ్గించు."

అతను వైరు తీసి వెనకనున్న మేకుకు తగిలించాడు. ఇంకొంచెం తగ్గింది. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను?

"ఇంటికి పోయినాక ఆడకపోతే?"

"సీలు చెదరకుండా తీసుకురండి, వాపసు తీసుకుంటా" అని, తన అంగడి ముద్ర ఉన్న చీటీ ఒకటి గమ్ము రాసి గేము పెట్టె మీదే అంటించాడు.

"ఒకటేనా? దారిలో ఇది ఊడిపోతే? ఇంకోటి కూడా అంటించు."

అతను నన్నొక్క క్షణం జాలిగా చూసినట్టు అనిపించింది. ఇంకోటి కూడా అంటించాడు. గెలిచినవాడికి ఓడినవాడి చూపులతో పనేమిటి? బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, కిటికీ పక్కనే కూర్చుని వచ్చాను.

ఇల్లూ అంగడీ ఒకటే మాకు. ముందు అంగడి, వెనక ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం నాయన అంగడి తలుపులు సగం మూసి వచ్చి టీవీ ముందు కుర్చీలో కూర్చున్నాడు. అవ్వ వక్కలు కత్తిరించుకుంటూ మంచం మీద, అక్కా బావా కింద చాప మీద. క్యాసెట్ గుచ్చి స్విచ్చి వేశాను. పెట్టె మీద ఎర్ర లైటు వెలిగింది. టీవీలో మాత్రం నువ్వులు చల్లినట్టు చుక్కలు, వాటితోపాటు ఒక రొద.

"ఇదేనా ఆట?" అంది అవ్వ. "పోపు మాడతా ఉండినట్టుండాది."

"ఉండవ్వా, ఛానల్ కలపాల."

టీవీ కింద చిన్న తలుపు తీసి, లోపలున్న పళ్ళచక్రాన్ని గోటితో తిప్పడం మొదలుపెట్టాను. ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాను. ఒకచోట ఎవరో వార్తలు చదువుతున్నట్టు వినపడి మాయమైంది. పెట్టెను టీవీ నెత్తిన పెట్టాను. కింద పెట్టాను. వెనక పెట్టాను. కాసేపు అవ్వ మంచం మీద కూడా పెట్టాను.

"మన కొండ అడ్డంరా" అని అవ్వ తీర్పు చెప్పింది. మా ఊళ్ళో టీవీలో బొమ్మ రాకపోతే అందరం కొండనే తిడతాం.

"అవ్వా, గేము ఈడుండాది, టీవీ ఈడుండాది. మధ్యలో కొండ యాడిది?"

"అయితే నువ్వే అడ్డం. కొంచెం పక్కకి జరుగు."

జరిగాను. అదీ చూశాం. నాయన చూపు నెమ్మదిగా నా మీది నుంచి బావ మీదికి పోతోంది.

"బావా, మేడెక్కి ఏరియల్ తిప్పు" అన్నాను, ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తూ ఉంటే బాగుంటుందని.

బావ మారు మాట్లాడకుండా ఎక్కాడు. పైనుంచి, "వచ్చినాదా?" అని అరుపు. కిందినుంచి, "రాలేదు!" అని నేను. "ఇప్పుడో?" "లేదు!" కొంచెంసేపు ఈ సంభాషణ వీధి మొత్తం విన్నది. ఎదురింటివాళ్ళు కూడా గడపలోకొచ్చి, "ఏం వస్తాదంట?" అని అడిగారు. చివరికి పైనుంచి అరుపు మారింది.

"ఒరే, ఒక్క మాట. గేము ఇంట్లో ఉంటే నేను మేడ మీద ఏరియల్ తిప్పేది ఎందుకురా?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావ చెమటలు తుడుచుకుంటూ దిగొచ్చి పెట్టె పక్కన గొంతుకూర్చున్నాడు. అటూ ఇటూ చూసి, "ఈ కడ్డీ పైకి లాగాల గదా? రేడియోకి లాగినట్టు" అని చెయ్యి చాచాడు.

"ముట్టుకోవద్దు!" అని కేక పెట్టాను. "సీలుండాది!"

అప్పుడు చూశాను, సరిగ్గా. అంగడతను అంటించిన చీటీలు రెండూ మడిచిన కడ్డీకి అడ్డంగా, ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర ఉన్నాయి. కడ్డీ లాగితే సీలు చిరుగుతుంది. సీలు చిరిగితే వాపసు లేదు. లాగకపోతే గేము ఆడదు. ఆడకపోతే వాపసు ఇవ్వొచ్చు గానీ, ఇచ్చిన రోజున ఆత్మకూరు బావది.

నాయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. అంగట్లోకి పోయి ఒక కొత్త టార్చిలైటు తెచ్చి టీవీ మీద నిలబెట్టాడు. దాని మూతకీ ఒంటికీ కలిపి, అడ్డంగా, మా అంగడి చీటీ అంటించి ఉంది.

"ఇదేందో చెప్పు."

చెప్పడానికేముంది? మూత తిప్పందే బ్యాటరీలు పట్టవు, తిప్పితే చీటీ చిరుగుతుంది. దుత్తలూరు నుంచి వచ్చిన రైతయినా, పక్కవీధి పంతులైనా, "సీలు చెదరకుండా తెస్తే మార్చిస్తాం" అని నవ్వుతూ పంపేవాళ్ళం. హైస్కూలు రోజుల నుంచి ఆ చీటీలకు గమ్ము రాసి అంటించింది నేనే.

"పైగా రెండు" అన్నాడు నాయన, పెట్టె వైపు చూసి. "ఒకటంటే ఆయన అంటించినాడు. రెండోది ఎవురు అడిగి ఉంటారబ్బా?"

అవ్వ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. "యముడొస్తే వీడే సీలు వేయించుకుంటాడు" అంది.

అవ్వ అన్నం కుండ ఆవిరి మీద పట్టి చీటీలు ఊడదీద్దామా అని కూడా ఆలోచించాను. ఆవిరికి పెట్టెలో నీళ్ళు దిగితే? బావ నా మొహంలోకి చూసి, మెల్లగా, "చించెయ్‌రా, ఏం కాదు. ఆడతాది" అన్నాడు. ఆడితే ఆయనకే నష్టం. ఆ సంగతి ఆయనకు గుర్తుందో లేదో.

చించేశాను. కడ్డీ లాగాను. చుక్కలు కొంచెం పలచబడ్డాయి. వాటి వెనక ఏదో పిట్టంత బొమ్మ ఎగురుతోంది. అందరం ముందుకు వంగాం. ఇంతలో మళ్ళీ చుక్కలే. కడ్డీని వంచాను, తిప్పాను. రాలేదు. బావ, "ఇట్టా పట్టుకుంటే?" అని కడ్డీ కొనను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. ఆకాశం నీలంగా, గడ్డి పచ్చగా, టోపీ పెట్టుకున్న బుడ్డోడు ఒకడు తెరంతా పరిగెత్తాడు!

"వచ్చినాడు, వచ్చినాడు!" అని అవ్వ చప్పట్లు కొట్టింది.

బావ సంతోషంతో చెయ్యి వదిలాడు. బుడ్డోడు నువ్వుల్లో కలిసిపోయాడు. పట్టుకుంటే వచ్చాడు. వదిలితే పోయాడు. నేను పట్టుకుంటే ఆడేవాడు లేడు, ఆడితే పట్టుకునేవాడు కావాలి.

"నాయనా, ఆడినట్టే గదా?" అన్నాను. నా గొంతు నాకే అప్పు అడిగేవాడి గొంతులా వినపడింది.

నాయన కాసేపు కుర్చీ చేతి మీద దరువు వేశాడు.

"ఇద్దరుంటేనే ఆడతా ఉండాది. సరే. ఆత్మకూరుకి ఇద్దరూ పోండి."

ఆ వారమే ఇద్దరం పోయాం. ఎలక్ట్రిక్ అంగడి ముందు నుంచి పోతుంటే నేను తల తిప్పుకున్నాను. బావ సరాసరి లోపలికి పోయాడు. "అన్నం తిన్నావా అన్నా? మొన్న మా బామ్మర్ది గేము తీసుకుపోయినాడు. బొమ్మ సరిగా నిలబడటం లేదు. ఏం చెయ్యాలంటావు?" అని ఉన్నదున్నట్టు అడిగాడు. అతను వెనక్కి తిరిగి, మేకుకు తగిలించిన వైరు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఊరికే.

తిరుగు బస్సులో బావ ఆ వైరును ఒళ్ళో పెట్టుకుని, చుట్ట చుడుతూ విప్పుతూ కూర్చున్నాడు. బస్టాండు హోటల్లో తిన్న మసాలా దోసె ఘుమఘుమలు ఇంకా ఆయన చేతి నుంచి వస్తున్నాయి.

"ఇది పెడితే ఒక్కడున్నా ఆడతాదిలే" అన్నాడు.

"ఆడతాది బావా."

"మామకి చెప్పాలంటావా? ఆత్మకూరుకి ఇంక ఒక్కడే చాలంటాడేమో."

నేను కిటికీ వైపు తిరిగాను. ఆయన గొంతు తగ్గించాడు.

"ఆదివారం ఆదివారం కడ్డీ నేనే పట్టుకుంటా. నువ్వు వైరు మాట ఎత్తొద్దు."

మా బావ జన్మలో చేసిన మొదటి బేరం అది. మామూలుగా అయితే ఎవరు చెప్పిన మొదటి మాటకీ ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆ రోజు ఒప్పుకున్నాను. వైరు అంగట్లో పై అరలో, ఎవరూ కొనని రిబ్బన్ల వెనక చేరింది.

తర్వాత ఒక ఆదివారం నేను ఆడుతున్నాను, బావ కడ్డీ పట్టుకుని కుడిచెయ్యి నుంచి ఎడమచేతికి మార్చుకుంటున్నాడు. ఎవరో అడిగారని నాయన రిబ్బన్ల కోసం అంగట్లోకి పోయి, పై అర దుమ్ము చేతికి అంటించుకుని, కొంచెం ఆలస్యంగా తిరిగొచ్చాడు.

"చెయ్యి నొయ్యదా అల్లుడూ?"

"లేదు మామా. అలవాటైపోయినాది."

నాయన కుర్చీలో కూర్చుని, వేళ్ళతో దరువు వేయడం మొదలుపెట్టాడు.